ఒకే ఫోను నుంచి వచ్చిన కామెంట్లు

"మాట్లాడకండన్నయ్యా! పట్టీ కట్టాక మాట్లాడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. నేను మాట్లాడతాను, మీరు వినండి. కాలు మీద కాలు తీసేయండి. రెండు పాదాలూ నేలకి ఆనాలి. ఆఁ, అలాగ. చెయ్యి బల్ల మీద పడేసి అది మీది కాదనుకోండి. బాత్రూముకి వెళ్ళొచ్చారా?"

వెళ్ళొచ్చానని తలూపాను.

"నిజంగానా, మొహమాటానికా? ఆపుకుని కూర్చుంటే అది కూడా బీపీని పెంచుతుంది. మా పుస్తకంలో దాని గురించి ఒక్కటంటే ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం పట్టుకుని వెళ్ళే నేను ఒక పేపరు పోగొట్టుకున్నాను."

లోపలి గదిలోంచి వాళ్ళ అత్తగారి గొంతు వినిపించింది. "బీపీ చూడ్డమనేది ఒట్టి వంక బాబూ. ముందు చెయ్యి కట్టేస్తుంది, తర్వాత కథ మొదలెడుతుంది. లేచిపోలేరు కదా పాపం!"

"అత్తయ్యా, పొద్దున మీది నూట నలభై ఉంది. అరవకండి."

"ఉండదూ మరి? చూస్తూ కూర్చుంటే పాలు పొంగవంటారు. నా బీపీ మాత్రం నువ్వు చూసేకొద్దీ పొంగుతోంది."

ఆమె నవ్వుతూ రబ్బరు బంతి నొక్కింది. గాలి వదలడం మొదలుపెట్టగానే ఆ నవ్వు ఆగిపోయింది. దూరంగా వస్తున్న బస్సు నంబరు చదవాలని చూసేవాళ్ళలా కళ్ళు చికిలించి, స్టెతస్కోపులో వినిపించేదాని కోసం ఎదురుచూసింది. తర్వాత పట్టీ విప్పి, "ఫర్వాలేదు. కానీ ఉప్పు తగ్గించలేదు, కదూ?" అంది. నేను తగ్గించలేదు. ఆమె దగ్గర అబద్ధం చెప్పి ప్రయోజనం లేదు.

మేం ఉండే ఇంట్లో కింది వాటా వాళ్ళది. రెండు గదులు, వెనక వంటిల్లు. ముందు గదిలో కిటికీ కింద ఆమె పాత కుట్టుమిషను ఉంటుంది. దాని తలకాయని లోపలికి మడిచేసి, పైన చెక్క వేసి, దాన్నే చదువుకునే బల్ల చేసుకుంది. కూర్చుంటే పాదాల కింద ఇంకా ఆ ఇనప తొక్కుడుపలక తగులుతుంది. చదువుతూ చదువుతూ ఆలోచనలో పడితే ఆమె కాళ్ళు వాటంతటవే దాన్ని తొక్కుతుంటాయి. పైన పుస్తకం, కింద మిషను. గోడకి నరాల పటం ఒకటి అంటించి ఉంటుంది. చర్మం లేని ఆ మనిషిని చూసి మొదట్లో అత్తగారు భయపడి, అటు వీపు పెట్టి భోంచేసేదట. ఇప్పుడాయన అలవాటైపోయాడు. "మా ఇంట్లో పలుచగా ఉండేది ఆయనొక్కడే" అంటుందావిడ.

నర్సింగులో చేరకముందు ఆమె ఇక్కడికి నాలుగు వీధుల అవతల కుట్టు యూనిట్లో చొక్కాలకి కాలర్లు కుట్టేది. పెద్ద రేకుల షెడ్డు, వరసలు వరసలుగా మిషన్లు. ఒకరు కాలరు, ఒకరు జేబు, ఒకరు కఫ్, చివరి వరసలో బటన్లు. వేగంగా కుట్టేటప్పుడు అప్పుడప్పుడూ ఎవరి వేలిలోంచో సూది దిగిపోతుంది. అలాంటప్పుడు పక్కవాళ్ళు మొహం తిప్పుకుంటారు, లేకపోతే చెయ్యి పట్టుకుని లాగేస్తారు. లాగితే సూది లోపలే విరుగుతుంది. ఈమె లాగేది కాదు. మిషను చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి, సూది ఎలా దిగిందో అలాగే పైకి లేపి, వేలు వదిలించి, గుడ్డపీలికతో కట్టు కట్టేది. షెడ్డంతా ఆమెని సూది డాక్టరమ్మ అని పిలిచేవారు. సగం వెక్కిరింత, సగం నమ్మకం.

ఒకసారి సూది విరిగిపోయిన పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడి నర్సు కట్టు విప్పుతూ, "ఈ కట్టు కట్టిందెవరు? బాగా కట్టారే!" అందట.

"అంతే అన్నయ్యా. అన్నేళ్ళు కాలర్లు కుట్టాను. ఎన్ని మెడలకి నా కాలరు చుట్టుకుని ఉంటుందో! ఒక్కరు కూడా బాగా కుట్టావని అనలేదు. ఆ ఒక్క మాటకి పడిపోయాను."

వాళ్ళాయన సరుకుల వ్యాను నడుపుతాడు. తక్కువ మాటల మనిషి. ఈమె చదువుతానన్నప్పుడు కాసేపు ఆలోచించి, "చదువుకో. ఇంజెక్షన్ నేర్చుకునేటప్పుడు మాత్రం నా వైపు చూడకు" అన్నాడట. దాన్నే అంగీకారమనుకుని చేరిపోయింది.

క్లాసులో మిగిలినవాళ్ళంతా ఇంటర్ అవగానే నేరుగా వచ్చిన పిల్లలు. మొదటిరోజు ఈమె గుమ్మంలో కనిపించగానే, బస్సులో పెద్దవాళ్ళకి లేచినట్టు, ముందు బెంచీలో ఒకమ్మాయి లేచి చోటిచ్చింది. ఆరోజు నుంచి అందరికీ పిన్ని అయిపోయింది. "పిన్నీ, ఇది అర్థం కాలేదు", "పిన్నీ, నీ డబ్బాలో ఏం తెచ్చావు", "పిన్నీ, శవాన్ని చూపిస్తారట, నా పక్కనే ఉండవూ!" పక్కన ఉంది. తర్వాత తనే బయటికొచ్చి మెట్లమీద కూలబడితే ఆ పిల్లే నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఇక ఆ పేపరు పోగొట్టిన బ్లాగు సంగతి. రెండో ఏడు పబ్లిక్ హెల్త్ చెప్పే మేడమ్ ఒక పని అప్పజెప్పింది. ప్రస్తుతం జనాన్ని పీడిస్తున్న ఆరోగ్య సమస్య ఏదో ఒకటి తీసుకుని వారానికో పోస్టు రాయాలి. కింద కనీసం ఇద్దరు బయటి పాఠకుల కామెంట్లుండాలి. రాతకి కొన్ని మార్కులు, కామెంట్లకి కొన్ని. మనం చెప్పేది ఎవరికైనా చేరుతోందా లేదా అన్నది తెలియాలని మేడమ్ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే.

పక్క బెంచీ అమ్మాయి ఈమె ఫోన్లో బ్లాగు తెరిచిపెట్టి, ఆ మార్కులు ఎలా తెచ్చుకోవాలో కూడా చెప్పింది. "ఏముంది పిన్నీ, మా అక్క నీకు కామెంట్ పెడుతుంది, మీవాళ్ళెవరైనా నాకు పెడతారు. క్లాసంతా అంతే." క్లాసంతా అంతేనట. దోమల మీద రాసినా, పిప్పిపన్ను మీద రాసినా, కింద అదే వాక్యం: చాలా ఉపయోగకరమైన సమాచారం, ధన్యవాదాలు.

ఈమెకి ఇచ్చిపుచ్చుకోవడానికి అక్కచెల్లెళ్ళు లేరు. ఉన్నదల్లా అత్తగారు. మొదటి పోస్టు రక్తహీనత మీద. పుస్తకంలోంచి మంచి మంచి వాక్యాలు ఏరి రాసి, అత్తగారిని కూర్చోబెట్టి పైకి చదివింది. సగంలో ఆవిడ గురక పెట్టింది. చదవడం ఆపేయగానే మెలకువ వచ్చి, "బాగుందే అమ్మాయ్, హాయిగా నిద్ర పట్టింది" అంది. అదే ఆమెకి వచ్చిన మొదటి కామెంటు. ఉన్నదున్నట్టు టైపు చేసింది.

"మరి ఆవిడన్నది అదే కదా! నేను మార్చకూడదు కదా!" అంటుంది ఇప్పటికీ. అన్నాక తనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

రెండో పోస్టు నుంచి రాసే తీరు మార్చింది. ఎలా మార్చావని అడిగితే చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. "మిషన్ల మోతలో మాట్లాడినట్టు రాశానన్నయ్యా. అక్కడ పొడుగు మాట చెప్తే సగం మోతలో కొట్టుకుపోతుంది. చిన్న మాట చెప్పాలి. అవతలివాళ్ళ మొహం చూడాలి. అందకపోతే ఇంకోలా చెప్పాలి." కథలు రాస్తానంటూ ఇన్నేళ్ళుగా కాయితాల మీద కుస్తీ పడి కూడా నేను నేర్చుకోలేని పాఠం అది.

రాసింది పట్టుకుని వీధిలోకి వెళ్ళేది. ఎవరు ఖాళీగా కనిపిస్తే వాళ్ళకి చదివేది. వాళ్ళేమన్నా అక్కడే నిలబడి ఫోన్లో కొట్టుకుని, "మీరన్నది ఇదేనా?" అని తిరిగి చదివి వినిపించేది. డాక్టరు ఫోన్లో మందు చెప్తే నర్సు రాసుకుని తిరిగి చదవాలని వాళ్ళ క్లాసులో పాఠం. ఆ పద్ధతినే ఇక్కడా పెట్టుకుంది. దోమల పోస్టు విన్న మూలమీది ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి మరీ కామెంటు చెప్పాడు: "నీళ్ళు నిలవ ఉంచొద్దంటావు. నీళ్ళొచ్చేది రెండ్రోజులకోసారి. నిలవ ఉంచకపోతే దాహంతో పోతాం, ఉంచితే దోమలతో పోతాం. ఏది నయమో నీ పుస్తకంలో చూసి చెప్పు." ఆమె చూసింది. పుస్తకంలో లేదు. మర్నాడు డ్రమ్ము మూతికి సరిపడా పాత చీర గుడ్డ కుట్టి, చుట్టూ ఎలాస్టిక్ వేసి పట్టుకెళ్ళి ఇచ్చింది. ఆ వీధిలో ఇప్పుడు చాలా డ్రమ్ములకి అలాంటి టోపీలున్నాయి. మా డ్రమ్ముది పువ్వుల టోపీ.

ఆ తర్వాత రక్తపోటు వారం వచ్చింది.

ఊరికే రాయడం కన్నా నలుగురికి చూసి రాద్దామని బీపీ పెట్టె పట్టుకుని, మధ్యాహ్నం భోజనం వేళకి పాత కుట్టు యూనిట్ దగ్గరికి వెళ్ళింది. గేటుకెదురుగా టీ బడ్డీ, బడ్డీ ముందు పొడుగాటి బల్ల. ఆడవాళ్ళు డబ్బాలు విప్పుకుని అక్కడే కూర్చుంటారు. సూది డాక్టరమ్మ నిజం డాక్టరు పెట్టె తెచ్చిందని గోల గోల. బటన్ల వరసలో పనిచేసే పెద్దావిడ, అందరూ బటన్లక్క అంటారు, అందరికన్నా ముందు చెయ్యి చాపింది.

ఈమె పట్టీ కట్టి, పాదాలు సర్ది, పుస్తకంలో చెప్పిన వరసలోనే అడిగింది. "అక్కా, బాత్రూముకి వెళ్ళొచ్చావా?"

బల్ల మీదున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి పకపకా నవ్వారు.

"ఎప్పుడు? నిన్ననా?" అంది బటన్లక్క.

బీపీ ఎవరికీ చూడలేదా రోజు. పుస్తకం అడగమన్న ప్రశ్న ఒక్కటే పట్టుకుని కూర్చుంది. ఒక్కొక్కరే చెప్పారు. ఆమె కొట్టుకుంది, తిరిగి చదివింది, ఔనంటే పోస్టు కింద పెట్టింది. ఆ కామెంట్లు నేనూ చదివాను. కొన్ని ఇక్కడ రాస్తాను.

బటన్లు కుట్టే ఆవిడ: "వెళ్ళాలంటే తాళంచెవి అడగాలి. తాళంచెవి సూపర్‌వైజరు సొరుగులో ఉంటుంది. అడిగితే ముందు గడియారం చూస్తాడు, తర్వాత నన్ను చూస్తాడు. ఆ చూపు కన్నా ఆపుకోవడమే నయం."

జేబుల అమ్మాయి: "నేను పొద్దున ఇంట్లో బయల్దేరిన దగ్గర్నుంచి నీళ్ళు ముట్టను. సీసా తెచ్చుకుంటాను, చూడ్డానికి. సాయంత్రం మొక్కకి పోస్తాను. మొక్క బాగుంది."

ఇంకొకావిడ: "మంట వస్తే వేడి చేసిందనుకుంటాం. నాకు చలికాలంలో కూడా వేడి చేస్తుంది."

"నేనూ అందులోనే కూర్చున్నాను కదన్నయ్యా అన్నేళ్ళు" అంది ఆమె, ఇది చెప్తూ. "నేనూ నీళ్ళు తాగేదాన్ని కాదు. నాకూ తలనొప్పి వచ్చేది. అది పని లక్షణమనుకున్నాను. మిషను ఉన్నచోట మోత ఉన్నట్టు, ఆడవాళ్ళు ఉన్నచోట అది ఉంటుందనుకున్నాను. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అనే పాఠం పరీక్షకి మొత్తం బట్టీపట్టాను, మంచి మార్కులొచ్చాయి. ఆ పాఠం మా షెడ్డు గురించని మాత్రం తట్టలేదు."

మర్నాడు మళ్ళీ వెళ్ళి, మొత్తం పోస్టు, కామెంట్లతో సహా, బల్ల దగ్గర పైకి చదివింది. యూనిట్ పేరు లేదు, మనుషుల పేర్లు లేవు. 'ఒక పనిచోట' అని ఉంది, అంతే. అప్పుడు బయటపడింది సంగతి. ఎవరికి వాళ్ళు ఇది తమ ఒంటి బలహీనత అనుకుంటున్నారు. పక్కామె కూడా అలాగే బిగబట్టుకుని కూర్చుంటోందని పక్కపక్కనే ఉండి తెలీదు. "నీకూనా?" "నీకూ?" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కుని, మళ్ళీ నవ్వులు.

ఆ మర్నాడు నలుగురు కలిసి లేచి సొరుగు దగ్గరికి వెళ్ళి నాలుగు చేతులు చాపారు. నలుగురు ఒకేసారి నిలబడితే ఆయన గడియారం చూసి ఎవర్ని చూస్తాడు? తాళంచెవి ఇచ్చేశాడు. ఇచ్చినదాన్ని మళ్ళీ అడిగి పుచ్చుకోవడానికి ఆయనకే సిగ్గేసిందట. అప్పట్నుంచి అది కాలర్ల వరసలో ఒక మేకుకి వేలాడుతోంది.

ఈ సంగతి కూడా జేబుల అమ్మాయి చెప్పగా ఆమె కామెంటుగా పెట్టింది. అక్కడే వచ్చింది చిక్కు.

మేడమ్ పిలిపించింది. బల్ల మీద ల్యాప్‌టాప్‌లో ఈ పోస్టే తెరిచి ఉంది.

"రాసింది బాగుందమ్మా. చాలా బాగుంది. కానీ ఈ కామెంట్లన్నీ ఒకే ఫోను నుంచి, ఒకే ఖాతా నుంచి వచ్చాయి. అది నీదే."

"ఔను మేడమ్. వాళ్ళు చెప్పారు, నేను కొట్టాను."

"అందరి మాటా ఒక్కలాగే ఉంది. చదువుతుంటే కథలా ఉంది."

"అందరూ ఒక్కచోట కూర్చునేవాళ్ళు మేడమ్. మాట ఒక్కలాగే ఉంటుంది."

"వాళ్ళకి ఫోన్లు లేవా?"

"ఉన్నాయి. లోపలికి తీసుకెళ్ళనివ్వరు. గేటు దగ్గర డబ్బాలో వేసెళ్ళాలి."

"ఇంటికెళ్ళాక?"

"ఇంటికెళ్ళాక ఫోను పిల్లలది మేడమ్."

మేడమ్‌కి నవ్వొచ్చిందట, కానీ ఆపుకుంది. ముందు సంవత్సరం బ్యాచిలో ఒకడు పది పేర్లతో తనకి తనే పొగడ్తలు రాసుకుని దొరికిపోయాడు. అప్పట్నుంచి ఈ నియమం: ఒకే ఖాతా నుంచి వచ్చినవి కల్పించినట్టే లెక్క. కామెంట్లు కల్పిస్తే పేపరంతా పోతుంది. ఆ పేపరు పోతే తన బ్యాచితో కలిసి ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళే అవకాశం పోతుంది. మిగిలినవాళ్ళు తెల్లకోటు వేసుకుని వార్డుల్లోకి వెళ్తుంటే ఈమె జూనియర్లతో మళ్ళీ క్లాసులో కూర్చోవాలి. ఇంట్లో ఆ తెల్లకోటు అప్పటికే కుట్టి, తనే కుట్టుకుని, ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

"నీ మీద నాకు అనుమానం లేదు. నీ కామెంట్ల మీదే ఉంది" అంది మేడమ్. "రూలు పెట్టింది నేను. నీకోసం నేనే దాటితే రేపు మిగతావాళ్ళకి ఏం చెప్పను? ఒక పని చెయ్యి. వీళ్ళలో ఒక్కరిని, ఒక్కరినే, తీసుకురా. నా ముందు కూర్చుని ఔను, నేనే అన్నాను అంటే చాలు. సంతకం తీసుకుని ఫైల్లో పెట్టేస్తాను."

ఇది నాకు చెప్తున్నప్పుడు ఆమె మేడమ్‌ని ఒక్క మాట అనలేదు. "ఆవిడ తప్పేముంది? నేనైనా అలాగే అడుగుతాను. గుడ్డ నాణ్యం చూడకుండా ఎవరు సరుకు తీసుకుంటారు?"

క్లాసు పిల్లలు మాత్రం ఊరుకోలేదు. పక్క బెంచీ అమ్మాయి భోజనాల దగ్గర బల్ల గుద్దింది. "పిన్నీ, అవన్నీ తీసెయ్. మాకు పంపు. మా ఫోన్లలోంచి, మావాళ్ళ ఫోన్లలోంచి మళ్ళీ పెడతాం. పది ఖాతాలు, పది పేర్లు. ఎవరికి తెలుస్తుంది?"

"వాళ్ళ మాటలు మీ పేర్ల మీదా?"

"మరి మేం పెట్టే 'చాలా ఉపయోగకరమైన సమాచారం' మాత్రం ఎవరిది? మాకు ఫుల్ మార్కులొచ్చాయిగా!"

"అది మీరూ మీరూ తేల్చుకోండి. ఇప్పుడు నా మీద పడింది ఒట్టి నింద. నువ్వు చెప్పినట్టు చేస్తే నిజమైపోతుంది. నిందైతే మొయ్యగలను తల్లీ, నిజం మొయ్యలేను."

కనుక మళ్ళీ టీ బడ్డీ దగ్గరికే వెళ్ళింది. సంగతి వినగానే బటన్లక్క డబ్బా మూత టక్కున పెట్టి, "ఓస్, ఇంతేనా! నేనొస్తా. నోరు నాది, మాట నాది. మీ మేడమ్ ముందు కూర్చుని ఇంకో నాలుగు ఎక్కువే చెప్తా" అంది. ఈమె గుండె మీంచి బండ దిగినట్టయింది.

టీ వచ్చింది. గ్లాసు సగమయ్యాక బటన్లక్క అడిగింది, "పేరు రాయాలా?"

"సంతకం అంది అక్కా."

"ఆ కాయితం ఎక్కడ ఉంటుంది?"

"కాలేజీ ఫైల్లో."

"మావాళ్ళెవరైనా చూస్తారా?" కాస్సేపాగి, "చూసినా ఫర్వాలేదులే. వస్తానన్నాను కదా, వస్తా." మళ్ళీ కాస్సేపాగి, "రేపు లోపలికి రావద్దంటే మాత్రం... అదేంలేదులే. నువ్వు చెప్పు, ఎప్పుడు రావాలి?"

తాళంచెవి అడగడం వేరు. అక్కడ నలుగురున్నారు. కాయితం మీద ఒక్కతే ఉంటుంది. బటన్లక్క ఈ మాట అనలేదు. మొహంలో భయం కూడా లేదట. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూదిలోకి దారం గురి తప్పకుండా ఎక్కించే చెయ్యి ఆమెది. ఆ చెయ్యి టీ గ్లాసుని బల్ల మీద పెట్టబోయి గురి తప్పింది, టీ చీర మీద ఒలికింది. నాడి చూడ్డం నేర్చుకున్న మనిషికి ఇంకేం కావాలి?

ఈమె కొంగుతో ఆ టీ మరక తుడుస్తూ పెద్దగా నవ్వేసింది. "అయ్యో అక్కా, నిజమనుకున్నావా? నువ్వొస్తానంటావో అనవో చూద్దామని! మేడమ్ ఎప్పుడో ఒప్పేసుకుంది. మార్కులు కూడా వేసేసింది."

"ఓసి నీ దుంపతెగ! గుండె జారిపోయిందే నాకు!" అని బటన్లక్క వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ దెబ్బ గట్టిగానే తగిలిందట. ఆ సంతోషంలో అందరికీ ఇంకో విడత టీ చెప్పింది.

కాలేజీకి వెళ్ళి, ఎవరినీ తీసుకురాలేనని మేడమ్‌తో చెప్పింది. ఎందుకని అడిగితే, "వాళ్ళు చెప్పింది నాకు మేడమ్, కాలేజీకి కాదు" అంది. మేడమ్ పెన్ను తీసి, రాయాల్సింది రాసింది. పోస్టుని మాత్రం తీసెయ్యమనలేదు. అది ఇప్పటికీ ఉంది, ఒకే ఫోను కామెంట్లతో సహా.

ఈ సంగతి రాస్తానంటే ఆమె నన్ను చాలాకాలం ఆగమంది. ఆగాను. రాసుకోవచ్చని తనే చెప్పాక ఇప్పుడు రాస్తున్నాను. ఆమె ఇదంతా చెప్పిన ఆ సాయంత్రం, చేతికి కట్టిన పట్టీ విప్పాక కూడా నేను లేవలేదు. అత్తగారు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"అంతా అయ్యాక ఇంటికొచ్చి, ఏడుస్తుందేమో అని చూశాను బాబూ. ఏడవలేదు. తెల్లకోటు తీసి మడత పెట్టి, పైన పాత దుప్పటి కప్పింది, పసిపిల్లకి కప్పినట్టు. తర్వాత నా దగ్గరికొచ్చి చెయ్యి చాపమంది. నాకు బీపీ చూసింది! పరీక్ష పోయింది దీనికి, చెయ్యి కట్టించుకుంది నేను."

"ఆరోజు ఎంతుందో అన్నయ్యకి చెప్పలేదేం అత్తయ్యా?" అంది కోడలు.

"ఎంతుంటే ఏం? పేపరు పోయినరోజు కూడా నేనే దొరికాను కదా!" అందావిడ కోపంగా. అని, వెళ్ళబోతూ కోడలి జడ సవరించి మరీ వెళ్ళింది.

అప్పటికామె జూనియర్లతో కూర్చుంటోంది. వాళ్ళకి పిన్ని కాదు, పెద్దమ్మ. మళ్ళీ వారం వారం పోస్టులు. ఈసారి ఎవరి కామెంటు వాళ్ళ ఫోను నుంచే రావాలి కాబట్టి, వీధిలో దొరికినవాళ్ళకి దొరికినట్టు టైపింగ్ నేర్పుతోంది. ఇస్త్రీ ఆయన బొగ్గు మసి వేలితో చాలాసేపు కుస్తీ పడి తన మొదటి కామెంటు తనే పంపాడు. అందులో ఒక్కటే మాట ఉంది: 'దోమలు'. అది పోస్టుకి మెచ్చుకోలో ఫిర్యాదో ఎవరికీ తెలీదు. ఆమె మాత్రం దాన్ని తెరిచి నాకు రెండుసార్లు చూపించింది.

"మళ్ళీ మొదట్నుంచీ అంటే విసుగనిపించదా?" అని అడిగాను.

"కాలరు వంకర వస్తే విప్పి మళ్ళీ కుట్టమనేవాళ్ళన్నయ్యా. అప్పుడు నా తప్పుకి విప్పేదాన్ని. ఇది నా తప్పుకి విప్పుతున్నది కాదు. అందుకే చెయ్యి నొప్పెట్టడం లేదు." బీపీ పెట్టె మూసి, గొట్టం చుట్టి లోపల సర్దింది. "ఇంతకీ ఎటు బయల్దేరారు?"

బజారుకన్నాను.

"కుట్టు యూనిట్ మీదుగానేగా? అయితే నాకో సాయం చెయ్యాలి. ఈ వేళకి బటన్లక్క పని దిగి గేటు దగ్గర ఉంటుంది. మీరు మా పైవాటా అని తెలుసు, తప్పకుండా ఆపుతుంది. మా సూది డాక్టరమ్మకి డ్యూటీ ఏ వార్డులో వేశారని అడుగుతుంది. పిల్లల వార్డని చెప్పండి. నేను అదే చెప్పాను. ఇంకేమీ కలపొద్దు, మీరసలే రాసేవాళ్ళు. అబద్ధమాడితే మీ చెవులు ఎర్రబడతాయి, కాబట్టి నిలబడిపోకండి, నడుస్తూనే చెప్పెయ్యండి. ఎలాగూ ఈసారి పాసవుతాను, అప్పుడది నిజమై కూర్చుంటుంది. అప్పటిదాకా కాస్త మొయ్యండన్నయ్యా."